లాంచీకి సీజనుంది, పందికి లేదు

నవంబరు వచ్చిందంటే పాపికొండల్లో సీజన్. గోదావరి వరద తగ్గుతుంది, లాంచీలు కదులుతాయి, ఫిబ్రవరి దాకా చల్లగా చూసి రావచ్చు. వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన ఆ అడవిని 2008లో జాతీయ పార్కు చేశారు. పులి, చిరుత, అడవిదున్న, కణుజు అక్కడ బతుకుతున్నాయి. బతకాలి కూడా, దాంతో మనకు పేచీ లేదు.

నది పొంగితే లాంచీలు ఆపేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది చనిపోయాక చాలాకాలం మొత్తం ఆపేశారు. సరైన పనే. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇంత లెక్క చూసే ప్రభుత్వం, అవే నెలల్లో మంచె మీద తెల్లారబెట్టే తిరువూరు రైతును ఏ లెక్కలో వేసింది?

లాంచీలు తిరిగే రోజుల్లోనే మన రబీ మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటుంది. పందులు పాపికొండల నుంచి నడిచి రావడం లేదు, మన గుట్టల్లో, తుమ్మ పొదల్లోనే ఉన్నాయి. మంద దిగితే తినేది కొంత, తొక్కేది అంతకు రెట్టింపు. పాత చీరలు కట్టాం, డబ్బాలు కొట్టాం, టపాసులు పేల్చాం. వారం బెదిరాయి, తర్వాత చీర కిందనుంచే దూరాయి. పంది తిన్నదని కౌలు తగ్గించే ఆసామి ఎక్కడైనా ఉన్నాడా?

కరెంటు తీగ పెట్టేవాళ్లకు ఒక మాట. చీకట్లో నీళ్లు కట్టడానికి వచ్చేది పక్క చేను రైతే. సంఘం దీన్ని ఒప్పుకోదు.

దారి చట్టంలోనే ఉంది. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ ప్రకారం పంటను పాడుచేసే పందిని చంపడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. ఇక్కడ అది ఎవరిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి.

ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో చెప్పాలట. ఏ జంతువు, ఏ జిల్లా అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. ఆ జాబితాలో అడవి పంది, ఎన్టీఆర్ జిల్లా ఉండాలి. కార్డు లేని కౌలు రైతుకూ పరిహారం రావాలి.

నష్టం జరిగిన పొద్దున్నే ఫొటో తీసి, తేదీ, సర్వే నంబరు రాసి మండల కార్యదర్శికి ఇవ్వండి. అర్జీలన్నీ కట్టగట్టి తిరువూరు ఆర్డీవో ఆఫీసుకు కలిసే వెళదాం.