వైద్యుల నిత్యవిద్య

వైద్యకళాశాల విడిచిన నాటితో వైద్యుని చదువు ముగియదు. నిజమునకు బాధ్యతతో గూడిన చదువు ఆనాడే ప్రారంభమగును. పట్టా పుచ్చుకొనిననాడు నేర్చిన చికిత్సలలో కొన్ని పదియేండ్లలో పాతబడును; హితమని నమ్మినది కొంతకాలమునకు హానికరమని తేలుటయు గలదు. కావున నిత్యవిద్య వైద్యునకు అలంకారము కాదు. రోగికి చెల్లింపవలసిన ఋణము. పల్లెలయందును మన్యమునందును ఒంటరిగా పనిచేయు వైద్యుడు ఈ ఋణమును తీర్చుకొను మార్గమేది?

ప్రతి వైద్యుడును అయిదేండ్లకు కనీసము 30 గంటలు విద్యాసభలలో పాల్గొనవలయునని 2002వ సంవత్సరపు వైద్యవృత్తి నియమావళి విధించినది. ఉద్దేశము మంచిదే. కాని గంటలను లెక్కించుట సులభము, జ్ఞానమును లెక్కించుట కష్టము. ఇట్టి సభలు తరచుగా పెద్ద పట్టణములలోనే జరుగుచుండును. పాడేరు మన్యమునందలి వైద్యుడు రెండు దినములు సభకు పోయినచో అచటి రోగుల గతి యేమి? పోయి కూర్చుండినను, ఉపన్యాసకుడు చెప్పునది యొకటి, తనకు నిన్న రాత్రి యెదురైన చిక్కు మరియొకటి. సందేహము పుట్టినచోటనే సమాధానము దొరకిననాడే విద్య మనసున నిలుచును. వాట్సాప్ మొదలగు సామాజిక మాధ్యమములకు గల ప్రయోజన మిదియే.

దూరమునుండి నేర్చుకొనుట మన దేశమున క్రొత్త సంగతి కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన వృత్తాంతము లోకవిదితము. ఆ క్రిమిని రక్తమునందు ఆయనకు చూపినవాడు లండనులోని పాట్రిక్ మాన్సన్. 1895లో రాస్ ఇచటికి తిరిగివచ్చిన పిదప వారిరువురి నడుమ ఎడతెగక ఉత్తరములు నడచెను. శిష్యుడు తాను చూచినది చూచినట్లు వ్రాసెను. ఓడ మీద పంపిన నమూనాలను గురువు స్వయముగా పరీక్షించెను. నాడు వారములు పట్టిన ప్రయాణము నేడు నిమిషములో ముగియుచున్నది. కాని పేరెరిగిన గురువు, పరీక్షకు నిలువగల సాక్ష్యము అను రెండును నాడెంత యవసరమో నేడును అంతే యవసరము.

ఈ రెంటిని నిలిపి సాధించిన ఫలమునకు అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమే నిదర్శనము. 2003లో డాక్టర్ సంజీవ్ అరోరా అచటి మారుమూల వైద్యులను దృశ్యశ్రవణ యంత్రముల ద్వారా వారము వారము సమావేశపరచి, కాలేయమును తినివేయు హెపటైటిస్ సి వ్యాధికి చికిత్స నేర్పెను. 407 మంది రోగులపై జరిపిన పరిశీలన 2011లో వెలువడెను. విశ్వవిద్యాలయపు ఆస్పత్రిలో నూటికి 57.5 మందికి వ్యాధి నయముకాగా, ఆ మారుమూల వైద్యుల చేతిలో నూటికి 58.2 మందికి నయమాయెను. రోగి పట్టణమునకు పరుగెత్తలేదు. విద్యయే పల్లెకు నడచివచ్చెను.

అయితే యీ మాధ్యమములు రచ్చబండ వంటివి. అచట పండితుడును మాటలాడును, వదంతులు మోయువాడును మాటలాడును. 2020 మార్చిలో కొలదిమంది రోగులపై జరిగిన ఒక ఫ్రెంచి పరిశీలన నాధారము చేసికొని, కరోనాకు హైడ్రాక్సీక్లోరోక్విను దివ్యౌషధమను ప్రచారము లోకమంతయు వ్యాపించెను. జూనులో బ్రిటనునందు జరిగిన మహాపరీక్షలో దానివలన ప్రయోజనము లేదని తేలెను. ఆ ఫ్రెంచి వ్యాసమును ప్రచురించిన పత్రిక దానిని 2024లో ఉపసంహరించుకొనెను. ఇక, అదే మందు ప్రాణాంతకమని 2020 మే 22న లాన్సెట్ పత్రిక యొక వ్యాసమును ప్రచురింపగా, లెక్కలు పొసగుట లేదని పలువురు శాస్త్రజ్ఞులు అంతర్జాలమున బహిరంగలేఖ ప్రకటించిరి. రెండు వారములు తిరుగక మున్నే ఆ వ్యాసమును రచయితలు ఉపసంహరించుకొనిరి. ఒకే మాధ్యమము అసత్యమును మోసినది, అసత్యమును పట్టియు ఇచ్చినది. ఆధారమేదని యడుగు అభ్యాసమే యీ రెంటి నడుమ గల భేదము.

కావున వైద్యులు స్వచ్ఛందముగా కొన్ని కట్టుబాట్లు చేసికొనవలయును. ప్రతి బృందమునకును బాధ్యత వహించు అనుభవజ్ఞు డొకడుండవలయును. ఆధారము చూపని చికిత్సను ముందునకు పంపరాదు. రోగి యనుమతి లేక అతని ముఖమును గాని పేరును గాని బయట పెట్టరాదు. రోగి బాధ పదిమంది చూచు వేడుక కాదు. మందుల వర్తకులకు ఆ బృందమున చోటీయరాదు. విద్యాశాల వేషమున అంగడి నడచుటకంటె అంగడి అంగడిగా నుండుటయే మేలు.

ప్రభుత్వము చేయవలసినదియు గలదు. సామాజిక మాధ్యమములందు వైద్యుల ప్రవర్తనను గూర్చి జాతీయ వైద్య కమిషను 2023 ఆగస్టు 2న నియమములు ప్రకటించి, ఆ నెల 23వ తేదీననే వానిని నిలిపివేసినది. నిషేధములు వ్రాసినంత మాత్రమున విద్య పెరుగదు. విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాల, హైదరాబాదులోని ఉస్మానియా కళాశాల వంటి సంస్థలు జిల్లా వైద్యులకై వారమున కొక ప్రశ్నోత్తర గోష్ఠి నడపవలయును. రాష్ట్ర వైద్యమండలులు దానిని ఆ 30 గంటలలో చేర్చుకొనవలయును. పాము కాటునకు విరుగుడు మందును ఎప్పుడు ఎట్లు వాడవలయునో అర్ధరాత్రి అడిగి తెలిసికొన గల వైద్యుడున్న గ్రామమున ఒక కుటుంబము దిక్కులేనిది కాకుండ నిలుచును.

పాఠకులకు నొక మనవి. మీ యెదుట వైద్యుడు పుస్తకము తెరచినను, ఫోనులో తోటివారి నడిగినను, ఏమియు రానివాడని యెంచకుడు. సందేహము తీర్చుకొనువాడు రోగికి హితుడు. సందేహమే లేనివానికి జడియవలయును. అడుగుటకు సిగ్గుపడని వైద్యుని గౌరవించు సమాజమే తన ప్రాణములను తాను కాపాడుకొనగలదు.