సంసారి బండిపై విలాసపు పన్ను

2025 సెప్టెంబరు 22వ తేదీన వస్తుసేవల పన్ను మారినపుడు దేశమంతట సంతోషము వ్యక్తమయ్యెను. చిన్న కార్లపై పన్ను నూటికి 28 నుండి 18కి దిగెను. పెద్ద కార్లపై అదనపు సెస్సును తీసివేసి మొత్తము పన్నును 40గా నిర్ణయించిరి. ఆ సంబరములో ఒక విషయమును పెక్కుమంది గమనింపలేదు. పాత పద్ధతిలో పెట్రోలుతోను విద్యుత్తుతోను కలిసి నడుచు పెద్ద హైబ్రిడు బండికి నూటికి 43 వంతునను, సాధారణమగు భారీ పెట్రోలు, డీజిలు బండికి 50 వంతునను పన్ను పడుచుండెను. ఆ 7 వంతుల తేడాయే హైబ్రిడునకు ప్రభుత్వము చూపిన ఆదరము. నేడు రెంటికిని 40. పన్ను తగ్గినమాట నిజమే. కాని కొంచెము నూనె త్రాగు బండికిని, మిక్కుటముగా త్రాగు బండికిని కేంద్రప్రభుత్వపు త్రాసులో భేదము లేకపోయెను. కేవలము విద్యుత్తుతో నడుచు బండికి మాత్రము వెనుకటివలెనే 5.

మన తెలంగాణములోను వైఖరి యిట్లే యున్నది. 2024 నవంబరు 18 నుండి అమలునకు వచ్చిన ఉత్తర్వు ననుసరించి విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మాఫీ చేసిరి. దానికి 2026 డిసెంబరు 31 గడువు పెట్టిరి. హైబ్రిడు ఆ జాబితాలో లేదు. 10 లక్షలు దాటిన కారు కొన్నవాడు ఆ వెలలో ఆరవవంతునకు మించిన మొత్తమును జీవిత పన్నుగా చెల్లించిన గాని తిరుమలగిరి కార్యాలయమునుండి బండికి సంఖ్య రాదు. ఈ పన్ను వెలను బట్టియే గాని త్రాగెడి నూనెను బట్టి కాదు. హైబ్రిడు బండిలో ఇంజనుతోపాటు మోటారును, బ్యాటరీయు ఉండుటచేత వెల హెచ్చును; వెల హెచ్చుటచేత పన్నును హెచ్చును. నూనె పొదుపు చేయుటకై పెట్టిన సొమ్ముమీదనే సర్కారు పన్ను వసూలు చేయుచున్నదన్నమాట.

పాతిక లక్షలు పోసి బండి కొనగలవాని పన్నును గూర్చి పత్రికకేల బెంగ యని కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. సమాధానమునకు సికింద్రాబాదు స్టేషను ముందర ఒక గంట నిలిచిన చాలును.

స్టేషను వ్యాగన్ అను పేరు అమెరికాలో పుట్టినది. రైలు దిగినవారిని, వారి పెట్టెబేడలను ఇంటికి చేర్చు బండియని దాని యర్థము. 1874లో రైలుమార్గము చేరిన మన సికింద్రాబాదునకు ఆ బండితో పని యెప్పుడును ఉన్నది. 1992లో టాటావారు ఎస్టేట్ అను పేర అటువంటి దానిని తెచ్చిరి గాని అది నిలదొక్కుకొనలేదు. 2000లో వచ్చిన క్వాలిస్, 2005లో దాని స్థానమున వచ్చిన ఇన్నోవా ఆ బరువును తలకెత్తుకొన్నవి. తాతయు నాయనమ్మయు, తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, ఊరినుండి తోడువచ్చిన మేనత్త, మీద రెండు బియ్యపు బస్తాలు, పచ్చడి జాడీ. ఇంత సంసారము ఒక్క బండిలో నిముడుట మనకు విలాసము కాదు. యాదగిరిగుట్టకు, వేములవాడకు, పెండ్లికి, ఆసుపత్రికి ఈ బండియే దిక్కు. వీనిలో పెక్కులు టాక్సీలు. తక్కినవియు ఐదారేండ్లకు చేతులు మారి టాక్సీలగును, లేదా పల్లెటూరి పెద్ద కుటుంబమునకు చేరును. మొదటి యజమాని ధనికుడు కావచ్చును. మూడవ యజమాని కాడు. నేడు అంగడిలో అమ్ముడుపోయిన బండియే పదేండ్ల తరువాత సామాన్యునికి అందును గనుక, ఎటువంటి బండి అమ్ముడుపోవలెనో నిర్ణయించు పన్ను సామాన్యుని సంగతియే.

2022 నవంబరులో టయోటావారు ఇన్నోవా హైక్రాస్‌ను చూపినపుడు దానిలో డీజిలు ఇంజను లేదు. పెట్రోలు, హైబ్రిడు రూపములు మాత్రమే ఉండెను. 2023 జులైలో మారుతివారు దానినే ఇన్విక్టో అను పేర అమ్మకమునకు పెట్టిరి. లీటరుకు 23.24 కిలోమీటర్లని చెప్పుదురు. అది పరీక్షాశాల లెక్క; వీధిలో అంత రాదు. ఐనను ప్యారడైజునుండి బోయినపల్లికి సాయంసమయమున పోయినవారికి ఈ యంత్రపు మర్మము సులభముగా తెలియును. సామాన్యమైన బండి సిగ్నలు దగ్గర నిలిచి నూనె కాల్చును. బ్రేకు నొక్కినప్పుడెల్ల సంపాదించిన వేగమును వేడిగా మార్చి గాలికి వదలును. హైబ్రిడులో బ్రేకు నొక్కినపుడు మోటారు తిరుగబడి ఆ శక్తిని బ్యాటరీలో దాచును. బండి మెల్లగా కదలునపుడు ఇంజను నిద్రించి దాచిన విద్యుత్తు పనిచేయును. కావున ఊరి ఇరుకులోనే దీని లాభము మెండు, రాజమార్గమున కొంచెము. ప్యారడైజునుండి డెయిరీఫారము వరకు పైవంతెనకు 2024 మార్చిలో శంకుస్థాపన చేసిరి. పైవంతెన యెక్కిన బండ్లకు సులువగును గాని, క్రింద నిలిచి పోవు వీధులు ఈ నగరమున తరుగునని మాకు తోచదు.

విద్యుత్ బండియే వచ్చుచుండగా ఈ సగము సగము బండి యెందుకని రెండవ ఆక్షేపణ. ఇది మొదటిదానికంటె బలమైనది. దీనిని మేము తేలికగా త్రోసివేయము. 2025 జులైలో కియావారు ఏడుగురు కూర్చొను కారెన్స్ క్లావిస్ విద్యుత్ బండిని 17.99 లక్షల ప్రారంభపు వెలకు తెచ్చిరి. అది మన పెనుకొండలో తయారగుచున్నది. వెలలో హైబ్రిడుకంటె తక్కువ, పన్నులో అంతకంటె తక్కువ. మారేడుపల్లిలో సొంత ఇల్లును, వాకిటిలో మీటరును గలవాడు, దినమునకు నలువది కిలోమీటర్లు తిరుగువాడు, దీనినే కొనుట మేలు. హైబ్రిడు కొనుమని వానికి మేము చెప్పబోము.

కాని ఎందరికి వాకిటిలో మీటరున్నది? అల్వాలులోను, మల్కాజిగిరిలోను అంతస్తుల భవనములలో నున్న సంసారికి క్రింద ఒక బండి నిలుపు స్థలముండును. అక్కడికి తీగె లాగుటకు భవన సంఘము ఒప్పుకొనవలెను, లోడు పెంచుటకు విద్యుత్ శాఖ ఒప్పుకొనవలెను, ఖర్చు ఎవరు పెట్టవలెనో తేలవలెను. ఇంతలో సంఘము అధ్యక్షుడే మారును! తిరుపతికి ఇచటినుండి సుమారు 550 కిలోమీటర్లు. పండుగలలో ముసలివారిని, పసివారిని వెంటబెట్టుకొని ఛార్జింగు కేంద్రము దగ్గర వరుసలో నిలుచుటకు గృహస్థుడు జంకుటలో ఆశ్చర్యము లేదు. ఈ జంకు తీరువరకు వాడు విద్యుత్ బండి కొనడు. హైబ్రిడు వెల అందక మరల డీజిలు బండినే కొనును, పదిహేనేండ్లు నడుపును. ప్రభుత్వము హైబ్రిడునకు చేయి చూపకుండుటచే లాభపడునది విద్యుత్ బండి కాదు, డీజిలు.

దేశమునకు కావలసిన ముడినూనెలో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నది. పూర్వము మహాయుద్ధ కాలమున పెట్రోలు కరవై మన రోడ్లమీద బొగ్గు బస్సులు పొగ చిమ్ముచు నడచిన సంగతి పెద్దలు చెప్పగా విన్నవారింకను ఉన్నారు. బ్యాటరీ విషయములోను పరాధీనత లేకపోలేదు. 2025 ఏప్రిలులో చైనా తన అరుదైన ఖనిజపు అయస్కాంతముల ఎగుమతిపై కట్టడి పెట్టగా మన కార్ఖానాలు కలవరపడినవి. ఈ అయస్కాంతములు హైబ్రిడు మోటారునకును కావలెను. కాని బ్యాటరీ మాటకు వచ్చినచో, క్లావిస్ చిన్న బ్యాటరీ 42 యూనిట్లు పట్టును. హైబ్రిడునకు ఒకటి రెండు యూనిట్లది చాలును. ముడిసరకు దుర్లభమైన కాలమున ఈ తేడా లెక్కలోనికి రావలదా?

2024లో కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీగారు హైబ్రిడులపై పన్నును నూటికి 5కు తగ్గింపవలెనని ఆర్థికశాఖకు సూచించిరి. అది నెరవేరలేదు. అదే యేడు జులైలో ఉత్తరప్రదేశ ప్రభుత్వము హైబ్రిడులకు రిజిస్ట్రేషను పన్నును మాఫీ చేయగా విద్యుత్ బండ్లు చేయు కంపెనీలు కొన్ని అభ్యంతరము తెలిపినవి. మేము పూర్తి మాఫీని కోరుటలేదు. 2015లో ఫేమ్ పథకము మొదలైనపుడు ఏమి జరిగెనో గుర్తున్నది. డీజిలు ఇంజనునకు ఒక చిన్న బ్యాటరీ తగిలించి హైబ్రిడని పేరుపెట్టి, ఆ మోటారుతో బండి ఒక్క అడుగైనను తానుగా కదలకున్నను, రాయితీ పొందిరి. 2017లో ప్రభుత్వము మేలుకొని దానిని తొలగించెను. కావున రాయితీ పేరునకు ఇయ్యరాదు. పరీక్షలో తేలిన నూనె ఖర్చును కూర్చొనువారి సంఖ్యతో భాగించి, ఆ లెక్కను బట్టి జీవిత పన్నును నిర్ణయించినచో ఏ కంపెనీ చాతుర్యమును సాగదు. ఇద్దరు కూర్చొను విలాసపు హైబ్రిడునకు రాయితీ దొరకదు. ఏడుగురిని మోయు బండికి దొరకును. ఆ రాయితీయు ఏటేట తరుగుచు ఏడెనిమిదేండ్లలో సున్నకు రావలెను. అప్పటికి విద్యుత్ బండికి దారి సిద్ధమై యుండవలెను. తగ్గించిన పన్నును కంపెనీలు వెల పెంచి మ్రింగకుండ చూచుటయు ప్రభుత్వపు పనియే. ఈ విషయములో మాకు కంపెనీలపై అంతగా నమ్మకము లేదు.

ఇంకొకటి కలదు, దీనిని గూర్చి మాటలాడువారు తక్కువ. హైబ్రిడు బ్యాటరీకి టయోటావారు 8 ఏండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన దానివరకు, పూచీ యిత్తురు. టాక్సీవాడు ఆ దూరమును మూడు నాలుగేండ్లలో దాటును. ఆ తరువాత వాడెక్కడికి పోవలెను? క్వాలిస్ చెడినను, ఇన్నోవా చెడినను రాణీగంజిలో విడిభాగము దొరకెడిది, వీధి మూల మేస్త్రీ బాగుచేసెడివాడు. ఆ బండ్లు అంతకాలము బ్రతికినది కంపెనీ పనితనము చేతనే కాదు, ఆ మేస్త్రీ చేతి చలువచేతను. హైబ్రిడులోని నారింజరంగు తీగెలలో వందల వోల్టుల విద్యుత్తు పారును. శిక్షణ లేనివాడు దానిని తాకరాదు, తాకినచో ప్రాణాపాయము. కంపెనీ కర్మశాలకు పోయినచో చేతిలోని పైకము చాలదు. ఇట్లయిన మూడవ యజమానికి ఈ బండి చేరదు. మేము పైన చెప్పిన వాదమంతయు చెడును.

టాటా టెక్నాలజీస్ తోడ్పాటుతో 65 ఐటీఐలను ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో పూనుకొనెను. అచట పగటిపూట పిల్లలకు చెప్పు చదువు చెప్పుచునే, రాణీగంజి, బోయినపల్లి మేస్త్రీలకు రాత్రిపూట మూడు మాసముల హైబ్రిడు, విద్యుత్ బండ్ల శిక్షణ యొకటి తెలుగులోను ఉర్దూలోను పెట్టవలెను. యోగ్యతాపత్రము పొందిన మేస్త్రీకి విడిభాగములను, మరమ్మతు పుస్తకములను తగిన వెలకు అమ్మునట్లు రాయితీ పొందు కంపెనీలను నిర్బంధింపవలెను. విద్యుత్ వాహనముల మాఫీని పొడిగించు ఉత్తర్వు గాని మార్చు ఉత్తర్వు గాని వ్రాయునపుడు రవాణాశాఖవారు ఈ షరతును, అంతస్తుల భవనములలో ఛార్జింగు తీగెకు అనుమతి నిరాకరింపరాదను నిబంధనను అందులోనే చేర్చవలెనని కోరుచున్నాము.