పాట విన్న భార్య, ఉత్తరం రాసిన భార్య

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయింది. అంతకు మూడేళ్ల ముందు, అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న ట్రియెస్ట్ రేవుపట్నంలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్న పాతికేళ్ల జేమ్స్ జాయిస్ ‘ది డెడ్’ రాశాడు. వీళ్లిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు. అయినా రెండు కథల్లోనూ సరంజామా ఒకటే: చదువుకున్న మొగుడు, పొద్దుపోయిన రాత్రి, పడకగది, అతను లెక్కవేసుకున్నట్టు ఉండని భార్య. రెండుచోట్లా మొగుడికి కళ్లు తెరుచుకుంటాయి. తెరుచుకునే తీరులోనే ఉంది తేడా అంతా.

‘ది డెడ్’ డబ్లిన్‌లో జరుగుతుంది. క్రిస్మస్ రోజులు. సంగీతం చెప్పుకుని బతికే ముసలి అక్కచెల్లెళ్లు కేట్, జూలియా ఏటా ఇచ్చే విందు. వాళ్ల ముద్దుల అక్కకొడుకు గేబ్రియల్ కాన్‌రాయ్ మాస్టరుగిరీ చేస్తూ పత్రికలో పుస్తక సమీక్షలు రాస్తుంటాడు. విందులో ఉపన్యాసం ఇచ్చేది, బాతుమాంసం కోసి వడ్డించేది అతనే. మర్యాదస్తుడు, మాటకారి. అయితే ఆ సాయంత్రమంతా ఆడవాళ్లు చెప్పేది ఒక్కటీ అతని చెవికెక్కదు. జాయిస్ ఈ ముక్క ఎక్కడా నోరు విప్పి చెప్పడు, వరసగా చూపిస్తాడు.

మొదట లిలీ, ఇంట్లో పనిచేసే పిల్ల. కోటు తీసుకుంటుంటే గేబ్రియల్ సరదాగా, త్వరలో నీ పెళ్లి భోజనం తింటామన్నమాట అంటాడు. ఈ కాలపు మగాళ్లవి వట్టి కబుర్లే, అందినంత దండుకోవడమే అని ఆ పిల్ల కసిగా అనేస్తుంది. ఆ మాట వెనక ఏదో దెబ్బ ఉంది. గేబ్రియల్ అదేమిటని అడగడు. మొహం ఎర్రబడి, ఆమె వైపు చూడకుండా మఫ్లర్‌తో బూట్లు తుడుచుకుంటాడు. తర్వాత చేతిలో ఒక నాణెం పెట్టి, పండగ కదా అంటూ మెట్ల వైపు దాదాపు పరుగు తీస్తాడు. ఒక మనిషి బాధకు చిల్లర డబ్బులు ఇచ్చి బయటపడ్డాడు. అతని మొదటి ఓటమి ఇదే, ఇంకా అతనికి తెలియదు.

తర్వాత విందుకు వచ్చిన మిస్ ఐవర్స్. బ్రిటిష్ పక్షం పత్రికకు రాస్తున్నావని ఆటపట్టించి, వేసవికి ఐర్లండ్ పడమటి తీరంలోని ఆరన్ దీవులకు రమ్మంటుంది. యూరప్‌లో సైకిలు యాత్రకు వెళతానంటాడు. ఆమె మరీ మరీ గుచ్చేసరికి, నా దేశమంటేనే నాకు విసుగు అని కసురుకుంటాడు. ఈ పిలుపు సంగతి విని భార్య గ్రెటా చేతులు కలిపి గంతేస్తుంది: మళ్లీ గాల్వే చూడాలని ఉందండీ! కావాలంటే నువ్వు వెళ్లు అంటాడు, చల్లగా. ఆమె పుట్టిపెరిగింది ఆ పడమటి తీరానే. అక్కడ ఏం వదిలి వచ్చిందో అడగాలని అతనికి తోచలేదు.

ఇక మెట్ల దగ్గరి ఘట్టం. విందు ముగిసింది. పైన, జలుబు చేసిన గొంతుతో ఎవరో ‘ఆక్రిమ్ పిల్ల’ అనే పాత పాట పాడుతున్నారు. గ్రెటా మెట్ల మీద, చీకట్లో, కమ్మీకి ఆనుకుని కదలకుండా వింటోంది. కిందినుంచి గేబ్రియల్‌కు ఆమె మొహం కనబడదు. ఆ నీడలో నలుపు తెలుపుల్లా కనిపిస్తున్న ఆమె గౌను పట్టీలే కనబడతాయి. నేను చిత్రకారుణ్ణయితే ఇలాగే బొమ్మ గీద్దును అనుకుని, బొమ్మకు పేరు కూడా పెట్టేసుకుంటాడు. పెళ్లాం ఏడుపు పొలిమేరలో నిలబడి ఉంటే ఈయన చట్రం బిగిస్తున్నాడు. కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా కఠినంగా అనిపించే చోటు ఇదే.

గ్రెషామ్ హోటల్ గదిలో, అతను కోరికతో దగ్గరికి వచ్చినప్పుడు ఆమె బావురుమంటుంది. ఆ పాట పాడే కుర్రాడొకడు ఉండేవాడు, మైకేల్ ఫ్యూరీ. పదిహేడేళ్లకే పోయాడు. ఏం చేసేవాడు అని గేబ్రియల్ వెటకారంగా అడిగితే, గ్యాసు కార్ఖానాలో పని అంటుంది అమాయకంగా. జబ్బుతో ఉండి కూడా, ఆమె ఊరు విడిచి వెళ్లే ముందు రాత్రి వానలో తోట చివర నిలబడ్డాడు. ఇంటికి పొమ్మంటే, బతకాలని లేదన్నాడు. నాకోసమే చచ్చిపోయాడనుకుంటా అంటుంది గ్రెటా, ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంది.

ఈ కథలో ప్రతీకలంటే అందరూ చివరి మంచు దగ్గరికి పరిగెడతారు. నేనైతే గేబ్రియల్ బూట్ల మీది రబ్బరు తొడుగుల దగ్గర మొదలుపెడతాను. తడి తగలకూడదని తాను వేసుకుంటాడు, పెళ్లాన్నీ వేసుకోమంటాడు, ఆమె నవ్వేస్తుంది. ఆ తొడుగులతోనే హాల్లో గిరగిర తిరుగుతూ తాతగారి గుర్రం కథ నటిస్తాడు: మిల్లులో గానుగ తిరగడం అలవాటైన ఆ గుర్రం, షికారుకు తీసుకెళితే రాజుగారి విగ్రహం చుట్టూ తిరగడం మొదలుపెట్టిందట. అందరూ నవ్వుతారు, తిరుగుతున్నది ఎవరో చూడరు. ‘ఆక్రిమ్ పిల్ల’ పాటలోనూ బిడ్డను ఎత్తుకున్న అమ్మాయి వానలో తడుస్తూ తలుపు బయట నిలబడుతుంది. తర్వాత ఫ్యూరీ వాన. ఆ పైన ఐర్లండ్ అంతటా, బతికినవాళ్ల మీదా చచ్చినవాళ్ల మీదా కురిసే మంచు. తడి అనే ఒక్క సంగతి చేతులు మారుతూ కథంతా నడిచింది. ఇది ఫలానాదానికి గుర్తు అని ముద్ర వేసి అతికించిన వస్తువు ఒక్కటీ లేదు.

ఇప్పుడు ‘దిద్దుబాటు’లోని మన గోపాల్రావు. సానిపాటకు వెళ్లి ఆలస్యంగా ఇల్లు చేరితే భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. పశ్చాత్తాపపడతాడు, అంతలో మంచం కిందనుంచి కమలిని నవ్వు. ఆ పాఠం ఆమె కావాలని చెప్పింది, ఎత్తు వేసి గెలిచింది. 1910 నాటికి ఒక తెలుగు ఇల్లాలికి అంత చొరవ ఇవ్వడం చిన్న సంగతి కాదు. కానీ తర్వాత మన పత్రికల కథల్లో చాలామటుకు ఆ ఉత్తరాన్ని పట్టుకున్నాయి, నవ్వును వదిలేశాయి. కనువిప్పు అంటే తప్పు దిద్దుకోవడమే అన్న అలవాటు స్థిరపడిపోయింది.

గ్రెటాకు మొగుడికి పాఠం చెప్పాలన్న ఆలోచనే లేదు. ఆమె తన దుఃఖం తాను చెప్పుకుంది, అంతే. అందుకే గేబ్రియల్‌కు తప్పించుకునే దారి లేదు: వాదించడానికి ఎదుటివాడు లేడు, కోప్పడడానికి అపరాధం లేదు, ఈర్ష్యపడదామంటే మనిషే లేడు. అద్దంలో తనను చూసుకుని, ఇన్నాళ్లూ తన మాటలు తానే విని మురిసిపోయిన వెర్రివాడు కనబడి సిగ్గుపడతాడు. ఎదురుచూడని నోటినుంచి, ఉద్దేశం లేకుండా వచ్చిన నిజం కాబట్టే అంత లోతుకు దిగింది. మన కథకులు ఇక్కడినుంచి అరువు తెచ్చుకోదగ్గది ఇదే. మంచు తెచ్చుకుని లాభం లేదు.

పడమటికి ప్రయాణమయ్యే వేళయింది అని చివర్లో గేబ్రియల్ అనుకుంటాడు. అది చావు ఆలోచనా, మేలుకోవడమా అని విమర్శకులు ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ రాత్రి అతని కన్నీళ్లు నిజమైనవే, అనుమానం లేదు. కానీ మంక్‌స్టౌన్ ఇంట్లో పిల్లలు టామ్, ఈవా ఉన్నారు, బడి ఉంది. బుధవారానికి డైలీ ఎక్స్‌ప్రెస్‌కు సమీక్ష అందాలి, దానికి పదిహేను షిల్లింగులు వస్తాయి. రాసి పంపుతాడనే నేననుకుంటాను.