కుక్కకు ఫిట్సా? సీసం సంగతీ చూడండి

పండగ ముందు ఇంటికి రంగులు వేయిస్తాం. పాత తలుపుల్నీ కిటికీ ఊచల్నీ ఉప్పుకాగితంతో గీకిస్తాం. రాలిన పెచ్చులూ పొడీ వరండా అంతా పరుచుకుంటాయి. కుక్కపిల్ల అందులోనే పొర్లుతుంది, ఆనక ఒళ్లంతా నాక్కుంటుంది. కొన్నాళ్లకు అన్నం ముట్టదు. వాంతులు చేసుకుంటుంది. పొట్ట మీద చెయ్యి వేస్తే మూలుగుతుంది. ‘ఏదో తినుంటుందిలే’ అని సరిపెట్టుకుంటాం. ఆ తిన్నదేమిటన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరలు పాత గేట్ల మీదా తలుపుల మీదా ఇంకా ఉండొచ్చు. రంగే కాదు, విప్పి పడేసిన ఇన్వర్టర్ బ్యాటరీ పలకలు, గాలానికి కట్టే సీసపు గుళ్లు... పిల్లకుక్క నోట పెట్టనిదేముంది! పైగా పెద్ద కుక్కల కన్నా పిల్లల పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి.

చిక్కంతా లక్షణాలతోనే. ఫిట్స్ వస్తాయి. ఊరికే అరుస్తుంది, గోడల వెంట పరిగెడుతుంది, ఒక్కోసారి చూపు కూడా పోతుంది. టీకాలు వేయించని పిల్లయితే డిస్టెంపర్ అనుకుంటారు. చొంగ కారిస్తే చాలు, ‘పిచ్చి పట్టింది’ అని వీధి వీధంతా తీర్పు చెప్పేస్తుంది. రేబిస్‌ను అనుమానించడం తప్పు కాదు. డాక్టరు చూసేదాకా దాన్ని విడిగా ఉంచండి, నోట్లో చెయ్యి పెట్టకండి. కరిచినా, చొంగ గాయానికి తగిలినా 15 నిమిషాలు సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కానీ రేబిస్ ముదిరాక మందు లేదు, సీసానికి ఉంది. కాబట్టి పరీక్షించకుండా ఆశ వదులుకోకండి.

డాక్టరు దగ్గర మీరు చెప్పే కబురే సగం పరీక్ష. రంగులు గీకించామనో, బ్యాటరీ విప్పామనో అడక్కపోయినా చెప్పండి. ఆ మాట వింటే ఆయన రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి చూస్తారు. కుక్క రక్తంలో ఎదిగిన ఎర్రకణాలకు కేంద్రకం ఉండదు. రక్తం పెద్దగా తగ్గకుండానే కేంద్రకం ఉన్న కణాలు బాగా కనిపిస్తే, కొన్నిటి మీద నీలి చుక్కలుంటే సీసాన్ని అనుమానించాలి. అవి లేనంత మాత్రాన సీసం లేదనీ కాదు. మింగిన లోహపు ముక్క ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. రంగు పొడి మాత్రం కనిపించకపోవచ్చు.

తేల్చి చెప్పేది రక్తంలో సీసం కొలిచే పరీక్షే. చిన్న ఊళ్లలో అయితే నమూనాను బయటికి పంపాల్సి రావచ్చు. పంపాల్సింది గడ్డకట్టని పూర్తి రక్తం, సీరం కాదు. ఎందుకంటే రక్తంలోని సీసం దాదాపు అంతా ఎర్రకణాలనే పట్టుకుని ఉంటుంది. లక్షణాలుండి, 100 మిల్లీలీటర్ల రక్తంలో సీసం 40 మైక్రోగ్రాములు దాటితే డాక్టర్లు దాన్ని సీసం విషంగానే చూస్తారు. ముందు పొట్టలో ఉన్నదాన్ని తీసేసి, తర్వాత ఒంట్లోని సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపే మందులు ఇస్తారు. పాలు తాగించి ఇంట్లో కూర్చుంటే కుదరదు. పాలు దీనికి విరుగుడు కావు.

మరో సంగతి. కుక్క రక్తంలో సీసం బయటపడితే అదే నేల మీద పాకే మీ పసివాడికీ రక్తపరీక్ష చేయించండి. పిల్లల్లో ఇంత వరకూ ఫరవాలేదనే హద్దు సీసానికి లేదు. ఫిట్స్ లాంటివేమీ లేకుండానే అది వాళ్ల చదువునీ చురుకునీ తగ్గించగలదు. ఈలోగా ఆ రంగు పొడిని చీపురుతో ఊడ్చి గాల్లోకి లేపకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి.