తెగులు పేరు తేలేలోపు తోట పోతోంది

అరటి ముదురాకులు అంచుల నుంచి పసుపెక్కి, కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడుతుంటే మనం ముందు నీటి ఎద్దడి అనుకుంటాం, లేదంటే పొటాష్ లోపం అనుకుంటాం. మందుల కొట్టువాడు ఇచ్చింది తెచ్చి పోస్తాం. చివరికి బోదె కోసి చూస్తే లోపల ఎర్రగోధుమ చారలు! అది పనామా తెగులు. నేలలో ఉండే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేరులో దూరి నీటి దారులు మూసేస్తుంది.

అమృతపాణి రైతులకు ఇది పాత శత్రువే. గ్రాండ్ నైన్‌కు రాదన్న ధీమాతో మనమంతా అటు మళ్లాం. బీహార్‌లోని కటిహార్, పూర్ణియా వైపు ఆ తోటలే ఎండిపోయాయి. అది ట్రాపికల్ రేస్ 4 అని, మన దేశంలో ఇదే మొదటిసారని శాస్త్రవేత్తలు 2019లో ప్రకటించారు. అదే ఏడాది కొలంబియాలో ఇది బయటపడగానే అక్కడి ప్రభుత్వం జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మన ఊళ్లలో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

కంటితో చూసి ఇది రేస్ 1, ఇది రేస్ 4 అని ఎవరూ చెప్పలేరు. లక్షణాలు ఒక్కటే. గ్రాండ్ నైన్‌ను పట్టే రేస్ 1 కూడా తమిళనాడులో కనిపించింది కాబట్టి రకాన్ని బట్టీ తేల్చలేం. ల్యాబులో డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సిందే. ఆ పరీక్ష అరటి పండే ప్రతి జిల్లాలో ఉచితంగా చేయాలి. ఫలితం ఇన్ని రోజుల్లో ఇస్తామని గడువు పెట్టాలి. ఎందుకంటే ఈలోపు ట్రాక్టరు చక్రాలకు, చెప్పులకు అంటిన మట్టితో, పారిన నీటితో, చుట్టాలకిచ్చిన పిలకలతో అది ఊరు దాటుతుంది. ఒకసారి దిగితే దశాబ్దాలు నేలలోనే ఉంటుంది. ఏ మందూ దాన్ని పూర్తిగా తీసెయ్యలేదు. టిష్యూకల్చర్ మొక్క శుభ్రంగా వస్తుందే గానీ, రోగమున్న నేలలో నాటితే దానికీ రక్షణ లేదు. నర్సరీవాళ్లు ఈ మాట చెప్పరు.

మనలోనూ తప్పుంది. నాలుగు చెట్లు వాడితే బయటికి చెప్పం. వ్యాపారి రాడని, గెలకు ధర కోస్తాడని భయం. ఆ భయం అబద్ధం కాదు. అప్పు తెచ్చి నాటినవాడు, కౌలు కట్టేవాడు తన తోటపై తానే ఎలా ఫిర్యాదు చేస్తాడు? అందుకే, తోట కొట్టేయమనే అధికారి ఎకరాకు ఎంత పరిహారం ఇస్తారో, కౌలు రైతు చేతికి అది ఎప్పుడు అందుతుందో కూడా అదే నోటీసులో రాయాలి.