సుత్తి పట్టుకున్న కుర్రాడు

నాజీల కాలం మీద వచ్చిన నవలలంటే మన ప్రగతిశీల మిత్రులకు చాలా ఇష్టం. చదువుతారు, కళ్లు తుడుచుకుంటారు, మమ్మల్నీ చదవమంటారు. ఆ నవలల్లో యూదు పిల్లవాడి బాధ ఏమిటో మాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నా పేచీ అతని గురించి కాదు, పక్కింటి జర్మన్ కుర్రాడి గురించి. వాణ్ణి ఎవరు ఎలా రాశారన్నదే నేను తేల్చుకోవాలనుకుంటున్నది.

ఐర్లండ్ రచయిత జాన్ బోయ్న్ 2006లో రాసిన 'ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజమాస్'లో బ్రూనోకు తొమ్మిదేళ్లు. తండ్రి మృత్యుశిబిరానికి కమాండెంట్. కొడుక్కి మాత్రం కంచె అవతల ఏం జరుగుతోందో తెలియదట! అవతలి ష్మూయెల్‌తో దోస్తీ కడతాడు, చివరికి అతనితోపాటే గ్యాస్ చాంబర్లో చచ్చిపోతాడు. పాఠకుడి కన్నీళ్లు ఎవరి ఖాతాలో పడ్డాయి? కమాండెంట్ కొడుకు ఖాతాలో. చంపేవాడి ఇంట్లో శవం లేస్తే తప్ప చావు చావులా కనపడదన్నమాట. ఆ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు ఈ పుస్తకం జోలికి పోవద్దని 2020లో ఆష్విట్జ్ స్మారక మ్యూజియమే చెప్పాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియా రచయిత మార్కస్ జూసాక్ 'ది బుక్ థీఫ్' (2005) దీనికంటే నయం. లీజెల్ అనే పిల్లను పెంచుకున్నవాళ్లు ఒక యూదు యువకుణ్ణి నేలమాళిగలో దాస్తారు. అట్లాంటివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ దాచిన ఇంటి కథే లోకానికి ఎందుకంత ముద్దు? దాచని ఇళ్లే కదా ఎక్కువ!

ఈ ఇద్దరూ బయటి రచయితలు. హాన్స్ పీటర్ రిష్టర్ అట్లా కాదు. 1925లో పుట్టిన జర్మన్, హిట్లర్ సైన్యంలో పనిచేసినవాడు. 1961లో అతను రాసిన 'ఫ్రీడ్రిష్' నవలలో కథ చెప్పే జర్మన్ కుర్రాడికి పేరే ఉండదు. అదే ఇంట్లో కాపురముండే యూదు పిల్లవాడు ఫ్రీడ్రిష్ అతని ఈడువాడే, ఆటల్లో జోడు. 1938లో గుంపు యూదుల మీద పడ్డ రోజు వీడి చేతికీ ఒక సుత్తి దొరుకుతుంది. పగలగొడతాడు. పగలగొడుతుంటే హుషారుగా ఉంటుంది! రచయిత ఆ హుషారును దాచలేదు. అలిసిపోయి ఇంటికొస్తే గుంపు ఫ్రీడ్రిష్ ఇంటిమీదే పడుతుంది. 1942లో బాంబులు కురుస్తున్న రాత్రి ఇంటి యజమాని ఫ్రీడ్రిష్‌ను షెల్టర్లోకి రానివ్వడు. కథ చెప్పే కుర్రాడు లోపలే ఉన్నాడు. బయటికొచ్చి చూస్తే ఫ్రీడ్రిష్ మెట్లమీద శవమై ఉంటాడు.

'ఇక్కడ గ్యాస్ చాంబర్లు లేవు కదండీ, ఎందుకంత పోలిక?' అని అడిగే లౌకికవాద మిత్రులకు ఒక మాట. ఈ నవలలో కూడా గ్యాస్ చాంబర్ లేదు. అధ్యాయాలు 1925 నుంచి 1942 దాకా కాలక్రమంలో నడుస్తాయి. ఇరుగుపొరుగు, బడి, ఈతకొలను, ఉద్యోగం, ఇంటి అద్దె, అంతే. ఆ కుర్రాడి తండ్రి దుర్మార్గుడేం కాదు. పని లేనివాడు పార్టీలో చేరాడు, ఉద్యోగం వచ్చింది. పైగా ఫ్రీడ్రిష్ తండ్రిని 'దేశం విడిచి వెళ్లిపోండి' అని మంచి మనసుతోనే హెచ్చరిస్తాడు. ఆ మంచి మనసు మాకు బాగా తెలుసు.

ఫ్రీడ్రిష్ తండ్రి పోస్టాఫీసు ఉద్యోగి, తానూ జర్మన్‌నే అనుకున్నవాడు. 1933లో ఊడబెరికారు. పత్తి పండే మా పల్నాడులో, ప్రకాశంలో దూదేకులవాళ్లున్నారు. ఈ నేల పత్తిని ఏకి ఊరందరికీ పరుపులు కుట్టిన జాతి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. చాలామందికి ఉర్దూ ముక్క రాదు. 'మీరు సాయిబుల్లా ఉండరండీ' అని వాళ్లను మెచ్చుకుంటారు. ఫ్రీడ్రిష్ తండ్రి లాంటివాళ్లనూ ఇట్లాగే మెచ్చుకుని ఉంటారు.

తెలుగు నవలలో ఆ సుత్తి కుర్రాడు ఎక్కడ? మా గుంటూరు జిల్లా చదలవాడలో పుట్టిన బొల్లిముంత శివరామకృష్ణ 1947లోనే తెలంగాణ పోరాటం మీద 'మృత్యుంజయులు' రాశాడు. ఆ తర్వాత ఎందరో రజాకార్ల దౌర్జన్యాలు రాశారు. రాయాల్సిందే. కానీ 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ లెక్క తేల్చింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. ఆ గుంపుల్లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఉండరా? వాళ్లు ముసలివాళ్లై మనవళ్లకు ఏ కథలు చెప్పారు?

మా బాకీ మాకూ ఉంది. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నరికింది రజాకార్లే. తెగిన చెయ్యీ ముస్లిందే, నరికిన చెయ్యీ ముస్లిందే. ఆ కత్తి పట్టిన కుర్రాణ్ణి ఉర్దూలోనో తెలుగులోనో మేమే రాయాలి, ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు. మీ బాకీ సంగతి చెప్పండి. మీ కథల్లో ఒక మంచి సాయిబును పెట్టి, పీర్ల పండగలో నాలుగడుగులు వేయిస్తే అది తీరుతుందా?

2022 జనవరి 26న గుంటూరు జిన్నా టవర్ మీద జెండా ఎగరేస్తామని హిందూ వాహిని కుర్రాళ్లు వచ్చారు. పోలీసులు పట్టుకెళ్లారు. వారం తిరక్కుండా టవర్‌కు మూడు రంగులు పూశారు. అందుకు పూనుకున్నది అప్పటి ముస్లిం ఎమ్మెల్యేయే. పేపర్లు రంగుల ఫొటోలు వేశాయి. ఆ కుర్రాళ్ల గురించి ఎవరూ రాయలేదు. వాళ్లలో ఎవరి నాన్న మిర్చి యార్డులో ముఠా కూలీ? బడిలో పక్క బెంచీ మీద కూర్చున్న మస్తాన్‌తో మాట్లాడటం ఏ ఏడాది మానేశారు? ఆ రోజు హుషారుగా ఉందా? రాత్రి ఇంటికెళ్తే అమ్మ ఏమంది? ఆ ఇంట్లోకి మాకు ప్రవేశం లేదు. మీకుంది కదా, ఎందుకు వెళ్లరు?