ఎం.డి. అంటే డిగ్రీ కాదు

మా పేరులో మొదటి మాటతో మమ్మల్ని మా ఇంట్లో కూడా పిలవరు. మహమ్మద్ అబ్దుల్ రహమాన్ అని పేరు పెట్టుకున్న పిల్లాణ్ని ఏ అమ్మీ 'అరే మహమ్మద్' అని కేకేసి తిట్టదు. అది ప్రవక్త పేరు. బర్కత్ కోసం ముందు పెట్టుకుంటాం, పిలుపుకి తర్వాతది వాడుకుంటాం. షేక్, సయ్యద్, పఠాన్ల సంగతి వేరు, అవి ఇంటిపేర్లలా ముందుంటాయి. బుర్రకథ షేక్ నాజర్‌ని జనం నాజరనే అన్నారు, షేకూ అనలేదు.

ఈమాత్రం తెలియటానికి మా పక్కింట్లో ఉంటే చాలు. దరఖాస్తు ఫారానికి తెలీదు. ఫస్ట్ నేమ్ గడిలో మొదటి మాట రాయిస్తారు. ఆస్పత్రిలో 'మహమ్మద్' అని పిలిస్తే నలుగురం లేచి నిలబడతాం. 'ఎం.డి.' అని కుదిస్తే ఏ కాలేజీలో చదివారండీ అని అడిగినవాళ్లున్నారు. అబ్దుల్ దగ్గర ఆపితే మరీ ఘోరం. రహమాన్, అంటే కరుణామయుడు, అల్లా పేరు. అబ్దుల్ రహమాన్ ఆయన దాసుడు. ఎవరి దాసుడో చెప్పకుండా ఉత్త 'దాసుడా' అని పిలిచేస్తారు.

రావులపాలెంలో ఆ చిక్కు కూడా లేదు. అరటి మార్కెట్లో గెలలు దించేవాడు, హైవే పక్కన పంక్చర్లు వేసేవాడు, అందరూ 'సాయిబే'. రాజుగారూ, రెడ్డిగారూ అని పిలవటం లేదా అంటారు. వాళ్ల పేర్లు మీకు తెలుసు. తెలిసీ, గౌరవానికి పలకరు. మావి తెలీక పలకరు.

ఇంకో రకం పిలుపు పేరుంది. దీని గురించి మావాళ్లతోనూ దెబ్బలాడాలి. కోస్తాలో మా పేర్లు చాలావరకు దర్గాల నుంచి వచ్చినవే. మస్తాన్, నాగూర్, బాజీ. పక్కన బాబో, రాజానో చేరుతుంది. హిందువుల ఇళ్లల్లోనూ మస్తానయ్యలు, మస్తానమ్మలు ఉన్నారు. ఈ కలగలుపంటే మాకు ఇష్టం. కానీ అద్దె ఇంటి కోసం తిరిగే కుర్రాడు 'రాజాబాబు' అని మాత్రమే చెప్పి, అడ్వాన్సు ఇచ్చాక షేకును బయటపెడితే అది అలవాటు కాదు, భయం. పెద్దలు మొదటి పేరుని భక్తితో పలకలేదు. పిల్లలు బెదిరి పలకటం లేదు. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి గనక మీకు పట్టలేదు.

ముందు మాటలో ఏముందండీ అనేవాళ్లు మా జిల్లాని చూడండి. 2022లో కోనసీమ ముందు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తామంటే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. పేరు నిలిచింది. ఇప్పటికీ 'కోనసీమ జిల్లా' అని ఊరుకునేవాళ్లున్నారు. పొడుగని కొందరు, నోరు రాక కొందరు. ఎవరు ఎందుకో ఇక్కడ అందరికీ తెలుసు.

ఇవి కాగితాల రోజులు. టెన్త్ సర్టిఫికెట్లో ఎస్.కె. మస్తాన్, ఆధార్లో షేక్ మస్తాన్ వలీ, ఓటరు లిస్టులో ఉత్త మస్తాన్. ముగ్గురూ ఒకడేనని రుజువు చేసుకునే పూచీ మస్తాన్‌దే. 2019లో అస్సాం పౌర పట్టిక 19 లక్షల మందికి పైగా బయట పెట్టాక, గుమాస్తా పొరపాటులే అని నవ్వి ఊరుకోలేం.

పేరంతా ఒకే గడిలో రాయనివ్వండి. పిలవాల్సిన పేరేదో మమ్మల్నడగండి. షేక్ అని వినగానే, టు-లెట్ బోర్డు గేటుకి వేలాడుతుండగానే, ఇల్లు ఖాళీ లేదని చెప్పకండి.